మూడూళ్ల ముచ్చట, ముట్టని కాకి

ఇంటికి సున్నం వేయిద్దామని మొన్న అటక మీది సామానంతా దించినం. ఇత్తడి బిందెల వెనక, చెదలు తినగా మిగిలిన పెండ్లి పత్రికల కింద ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు బయటపడ్డది. మా ఆవిడ పద్మ దాన్ని కొంగుతో తుడిచి, నిచ్చెన మీద కూర్చొనే చదవడం మొదలుపెట్టింది.

"నర్సమ్మ. వాడపల్లి. అరవై నాలుగేండ్లు. కోపం తక్కువ, నోరు ఎక్కువ. బోటి కూరంటే పాణం. ఏమయ్యా, ఎవరీ నర్సమ్మ?"

"నేనే."

"కండక్టర్ ఎంకన్న. సూర్యాపేట. రిటైరైండు. ఎవరు ఏం చెప్పినా నమ్మడు. ఈయనెవరు?"

"ఆయన గూడ నేనే."

"మిల్లు శీను. మిర్యాలగూడ. నోరు తెరిస్తే కొట్లాటే..."

"నేనే."

పద్మ కండ్లద్దాల మీది నుంచి నన్ను ఒక పూట సేపు చూసింది. "పెండ్లి చూపుల నాడు పిలగాడు ఒక్కడే అని చెప్పిన్రు గదా మా నాయినకు," అన్నది.

ఒక్కడినే. కానీ ఆ పుస్తకం రాసిన కాలంలో నేను పదకొండు మందిని. పదకొండు పేర్లు, పదకొండు పాస్‌వర్డులు, పదకొండు రకాల కోపాలు. ఈ కథ ఎప్పుడు చెప్పినా వినేవాళ్లు చివరికొచ్చేసరికి నా మొఖంలో పశ్చాత్తాపం కోసం వెతుకుతరు. మీరూ వెతకండి. దొరికితే నాకూ చూపించండి. ఒక్క దగ్గర మాత్రం తల దించిన, అది ఆ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తా. మిగతాదంతా మళ్లీ చేయమన్నా చేస్త, ఈసారి ఇరవై రెండు మందితోని చేస్త.

అప్పుడు నాకు సూర్యాపేట బస్టాండ్ ఎదురుంగ, మిద్దె మీద ఒక నెట్ సెంటర్ ఉండె. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, వేసవిలో వేడి గాలిని చల్లగాలిగా మార్చలేక దాన్నే గట్టిగా కొట్టే ఒక ఫ్యాను. నెట్ కనెక్టు అయ్యేటప్పుడు మోడెం చేసే మోతకు కింద బస్టాండ్లో నిద్రపోయే డ్రైవర్లు లేచి బండ్లు తీసేవాళ్లు. ఒక బొమ్మ తెర మీద పూర్తిగా తెరుచుకునే లోపల త్రిపురారంలో నారు పోసి, నాటేసి, కలుపు తీసేవాళ్లు. మా ఇంట్లో అందరూ గొర్లు కాచినవాళ్లే. మా నాయిన గొంగడి వాసన ఇంట్ల దేవుని గూటి దాకా ఉండేది. ఆ వాసనకు అగరువత్తి గూడ భయపడి తొందరగా ఆరిపోయేదని మా అమ్మ అనేది. అట్ల గొంగడి వాసన, ఇట్ల జిరాక్సు కాయితం కాలిన వాసన, ఈ రెండింటి నడుమ నా ఇరవైల వయసు గడిచింది.

గ్రూపు పెట్టాలన్న ఆలోచన కోపంలోంచి పుట్టింది. అప్పటికే తెలుగువాళ్లు మాట్లాడుకునే పెద్ద చర్చావేదిక ఒకటుండె. ఎక్కడెక్కడి పెద్దమనుషులో అందులో దేశాన్నంతా సరిదిద్దుతుండేవాళ్లు. నేను చేరి, మా దిక్కు గొర్లకు నీలి నాలుక రోగం తగిలింది, ఎవరికన్న మందు తెలుసా అని అడిగిన. మరునాటికి నా ప్రశ్న లేదు. దాని జాగలో ఒక్క వాక్యం ఉన్నది: ఇది చర్చించదగిన విషయం కాదు. నాకు ఒళ్లంతా మండింది. మా మందలో గొర్లు నాలుకలు బయటపెట్టి కూలబడుతుంటే అది చర్చించదగింది కాదట! అక్కడికక్కడ కుర్చీ మీద నిలబడి, పరీక్ష ఫలితాలు చూసుకుంటున్న ముగ్గురు డిగ్రీ పిలగాండ్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్ల మనుషులు దేని గురించి మాట్లాడితే అదే విషయం. గొర్రె నాలుక విషయం. కాలువ నీళ్లు విషయం. వంకాయ పుచ్చితే అది గూడ విషయం. "మూడూళ్ల ముచ్చట" అని పేరు పెట్టి ఉచితంగా దొరికే జాగలో ఒక చర్చావేదిక తెరిచిన.

నలభై రోజులు గడిచినయి. సభ్యులు ఒక్కరు. ఆ ఒక్కరి పేరు నా పేరే. బస్టాండ్లో కాయితాలు అంటించిన, అరటిపండ్ల బండ్లకు అంటించిన, ఒకరోజు నిలబడి ఉన్న బర్రెకు గూడ అంటించబోయిన. అందరూ చదివేవాళ్లు, "మంచిగున్నది" అనేవాళ్లు, బస్సెక్కి పోయేవాళ్లు. సాయంత్రం మా నాయిన గొంగడి దులుపుతూ అడిగిండు.

"ఎంతమందైన్రు?"

"ఒక్కరు."

"ఎవలు?"

"నేనే."

మా నాయిన నవ్వలే. ఆయన నవ్వితే గొర్లు బెదురుతయని ఆయన నమ్మకం. "మందను కాలువ ఎట్ల దాటిస్తరో సూసినవారా ఎన్నడన్న? పిలిస్తె దాటయి. కొడితె దాటయి. ఒకదాని కాళ్లు పట్టి మనమే అవతలికి ఇసిరెయ్యాలె. గా గొర్రె అవతల నిలబడి అరిస్తది. అప్పుడు అన్ని దుంకుతయి," అన్నడు. అని అన్నం తినడానికి పోయిండు. ఈ కాలంలో ఈ పని నేర్పడానికి పెద్ద పెద్ద కోర్సులు ఉన్నయట. నాకు మా నాయిన చేతులు కడుక్కుంటూ నేర్పిండు.

విసరడానికి నా దగ్గర గొర్లు లేవు, అందుకని పుట్టించిన. కండక్టర్ ఎంకన్న పుట్టిండు, మిల్లు శీను పుట్టిండు, ఒక నర్సు, ఒక టైలర్, కోళ్లఫారం ఆయన, అట్ల పది మంది. పొద్దున తొమ్మిదింటికి షాపు తెరిచి, పదింటి వరకు ఎంకన్ననై ఒక మాట రాసి, పక్క కంప్యూటర్ ముందర కూర్చొని శీనునై దానికి అడ్డం తిరిగేది. కుర్చీ మారినప్పుడల్లా నాకు కోపం గూడ మారేది. ఒకరోజు వేడెక్కి మిల్లు శీను ఇట్ల రాసిండు: "కోదాడ అనేది ఊరు గాదు. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే బస్సులు టీ తాగటానికి ఆగే జాగ."

గంటలోపల జవాబు వచ్చింది. నేను రాయని జవాబు. నా జీవితంలో మొట్టమొదటి సారి ఆ తెర మీద నా చేతికి సంబంధం లేని అక్షరాలు కనబడ్డయి. "ఎవరండీ ఈ శీను? మా కోదాడని ఏమనుకుంటున్నారు? నేను ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేశాను. మీలాంటోళ్లని వేలమందిని బెంచీ ఎక్కించాను." ఆయన సత్యనారాయణ మాస్టారు. మా దిక్కు పిలిస్తే ఎవడూ రాడు, కొట్టుకుంటే అందరూ వస్తరు. కొందరు విడిపించడానికి వస్తరు, కొందరు మంచిగ చూడటానికి వస్తరు, ఎవరో ఒకరు కొట్టడానికి గూడ వస్తరు. మాస్టారు వచ్చి, తన దిక్కు మాట్లాడటానికి కోదాడలో ఇంకా నలుగురికి చెప్పిండు. కాలువ కింద వరి పండించే త్రిపురారం బుచ్చిరెడ్డి వచ్చిండు. బోర్లు ఎండిపోయిన మెట్ట మీద పత్తి వేసే తిరుమలగిరి మల్లేశం వచ్చిండు. మంద దుంకింది.

మనుషులు వచ్చినంక మనుషులకు సంబంధించిన తిప్పలు గూడ వచ్చినయి. కొట్లాటను పెట్టడం నాకు వచ్చు, ఆపడం రాదు. అది మా మేనత్త సైదమ్మకు వచ్చు. ఆమె మొగుడు పోయినంక మా ఇంట్లనే ఉండేది. రోజూ పన్నెండున్నరకు నాకు సద్ది తెచ్చేది. ఆ టిఫిన్ డబ్బా మూత తీస్తే పచ్చిపులుసు ఘాటుకు మూడు కంప్యూటర్లూ ఒకసారి తుమ్మేవి. నేను తింటుంటే ఆమె చెక్క స్టూలు మీద కూర్చొని, నడుముకు దోపిన సంచిలోంచి ఆకు తీసి, సున్నం రాసి, వక్క పెట్టుకొని, "ఇయ్యాల ఏమంటున్నరురా నీ డబ్బల మనుషులు?" అని అడిగేది. నేను చదివేది. ఆమె తీర్పు చెప్పేది.

ఒకసారి బుచ్చిరెడ్డి కాలువ నీళ్లు పది రోజులు ఆలస్యంగా ఇడిసిన్రని ఏడుస్తూ రాసిండు. మల్లేశం కింద రాసిండు: "మీకు పది దినాలు. మాకు ముత్తాత కాలం నుంచి ఆలస్యం." ఇద్దరూ మూడు రోజులు తిట్టుకున్నరు. సైదమ్మ విని, వక్క అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకు మార్చి, "ఒగడు నీళ్లల్ల నిలబడి దూప దూప అంటుండు. ఒగడు దుమ్ముల నిలబడి గొంతెండి దూప అంటుండు. ఇద్దరి నోర్లు మాత్రం మంచి తడిగనే ఉన్నయి," అన్నది. ఈ మాటను ఎంకన్న పేరు మీద రాస్తే నప్పదు. అప్పుడు పుట్టింది వాడపల్లి నర్సమ్మ, పదకొండోది. మూసీ, కృష్ణ కలిసే కాడ ఇల్లు, మనుమడు టైపు చేసి పెడతడు. మాట సైదమ్మది, ఊరు నేను పెట్టింది, పేరు మా ఇద్దరిలో ఎవరిదీ కాదు. నేనేం రాస్తున్ననో అత్తకు తెలువదు. ఎవరికో సంగతి చెప్తున్నడు అనుకునేది.

నర్సమ్మ వచ్చినంక గ్రూపు నిలబడ్డది. ఆడవాళ్లు చేరిన్రు. మిర్యాలగూడలో ప్రైవేటు బడిలో చెప్పే సుజాత టీచర్ అట్లనే చేరింది. ఆమె అందరి ముందు తక్కువ రాసేది. నర్సమ్మకు మాత్రం విడిగా ఉత్తరాలు రాసేది. బడి మానేయమని అత్తింట్లో అలకలు, అన్నం మానుడు, మాట మానుడు. ఏం చెయ్యాలె నర్సవ్వా, అని అడిగింది. నేను ఎవరి పేరో చెప్పకుండా అత్తకు చదివి వినిపించిన. అత్త ఆ రోజు ఆకు గూడ వేసుకోలే. "బిడ్డకు గిట్ల చెప్పు. వాళ్లు అలుగుతరు. అలిగినోళ్లకు ఆకలైతది. నువ్వు బడికి పో," అన్నది. అదే పంపిన. సుజాత బడి మానలే.

నిజమైన మనుషులు పెరిగిన కొద్దీ నా మనుషులను ఒక్కొక్కరిని సాగనంపిన. ఎంకన్నకు కండ్లు కనబడుతలేవని రాసిన. శీను తీర్థయాత్రలకు పోయిండు, అంత పాపాత్ముడు ఇప్పటికీ తిరిగి రాలే. చివరికి నర్సమ్మ ఒక్కతే మిగిలింది. ఆమెను తీసేస్తే గుంజ తీసిన పందిరే అని నా భయం. రోజుకు ఎన్ని మెసేజీలు వచ్చినా అందులో సగం "నర్సవ్వ ఏమంటది?" అనే. నేను నోరు మూసుకుంటే ఈ గ్రూపు బతుకుతదా, చస్తదా? నన్ను తినేసిన ప్రశ్న అది. నేను కట్టింది పందిరా, లేక నా పదకొండు చేతులతోని పైకెత్తి పట్టుకున్న ఒక గుడ్డనా?

ఆ భయం ఉండగనే మాస్టారు ఒక పిడుగు వేసిండు. "నర్సమ్మగారికి సన్మానం చేద్దామండీ. వచ్చే ఆదివారం వాడపల్లిలో ఆవిడ ఇంటికే వెళ్దాం. శాలువా నేను తెస్తాను." పది నిమిషాల్లో ఇరవై మంది వస్తమన్నరు. వాడపల్లిలో ఇల్లు లేదు, ఆమె లేదు, టైపు చేసే మనుమడు లేడు. నాకు చెమటలు పట్టి కీబోర్డు మీద అక్షరాలు తేలినయి. చల్లటి బుర్రతోని ఆలోచిస్తే దారులు లక్ష ఉన్నయి, ఊరికి పోయిందంటే సరిపోయేది. నాకు ఒక్కటే తోచింది. మనుమని పేరుతోని రాసిన: "మా నాయినమ్మ నిన్న పొద్దున కాలం చేసింది. సన్మానం వద్దు."

రాసి, ఊపిరి పీల్చుకొని, జిరాక్సు కాయితాలు సర్దుకున్న. గొల్లోని కడుపున పుట్టి, ఈ మట్టి మీద పెరిగి నేను చేసిన తప్పు ఇది. బతికున్న మనిషి ఇంటికి రమ్మంటే మా దిక్కు మనుషులు చూస్తం, వీలైతే వస్తం అంటరు. చచ్చిన మనిషి ఇంటికి వద్దన్నా వస్తరు. నేను సన్మానం ఆపలే, దానికి బండ్లు కట్టించిన.

సాయంత్రానికి తెర మీద ఏడుపు నిండింది. కొట్లాట పెట్టుకొని ఆరు నెలల కింద గ్రూపు ఇడిసిపెట్టిన మల్లేశం వచ్చి, "అవ్వ పోయిందంట గద" అని ఒక్క ముక్క రాసిండు. ఆ తరువాత బుచ్చిరెడ్డి రాసిండు: "ఇంటోళ్లు పెట్టేది ఇంటోళ్లు పెట్టుకుంటరు. మనం గూడ ఆమె మనుషులమే. పదకొండొద్దుల నాడు సంగమం కాడ పిట్టకు పెడదం."

పిట్టకు పెట్టుడంటే, పోయినవాళ్లకు ఇష్టమైనవన్ని వండి విస్తట్లో పెట్టి కాకి కోసం ఎదురుచూసుడు. కాకి ముడితే పోయిన పాణం తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరు ముందుకొచ్చి ఆ కోరిక ఏందో ఊహించి మాటియ్యాలె. నేను మనుమనినై వద్దని మూడు తీర్ల రాసిన. "దుఃఖంలో ఉన్నావు నాయనా, నువ్వు ఊరుకో," అని మాస్టారు నన్నే ఓదార్చిండు.

ఆదివారం పొద్దున నేను బస్సెక్కుతుంటే సైదమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చి పక్కసీట్లో కూర్చున్నది. "ఎవలో ముసలామె పోయిందట గద, వాడపల్లికి పోతున్నవట. నేను రాకపోతే ఎట్లరా? పిట్టకు పెట్టుడు నీకేం తెలుసు?" అన్నది. దింపుదామంటే బస్సు కదిలింది. బస్సు కదలకున్నా ఆమెను దింపే మొగోడు మూడూళ్లలో పుట్టలే.

సంగమం ఒడ్డున నలభై ఒక్క మంది ఉన్నరు. నేను ప్రతి లెక్కను మూడింతలు చేసి చెప్తనని పద్మ అంటది. ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెప్తున్న, ఎందుకంటే దీన్ని పెంచే దమ్ము నాకు గూడ లేదు. మూడు జిల్లాలు తిరిగినట్టు చెమటలు కారుతున్నయి, అవతల సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము అందరి నెత్తుల మీద పడి వయసు పెంచింది. ఒకరినొకరు మొదటిసారి చూసుకుంటున్నరు. "నువ్వేనా బుచ్చన్న? రాతల బట్టి పొడుగనుకున్న." "నువ్వు రాతల బట్టి నల్లగుంటవనుకున్న, నిజంగనే నల్లగున్నవ్." నర్సమ్మ ఫొటో లేదు గనుక మాస్టారు ఒక నున్నటి రాయిని నిలబెట్టి, సన్మానానికి తెచ్చిన శాలువా దానికి కప్పిండు. దాని ముందర విస్తరి. బుచ్చిరెడ్డి భార్య వండిన బోటి కూర, మల్లేశం బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చిన ఉడికించిన శనగ గుడాలు, సుజాత చేసిన సర్వపిండి, ఒక సీసాలో కల్లు, ఆకు, వక్క. నర్సమ్మ ఎప్పుడో ఏదో మాటలో ఇష్టమన్న ప్రతి ముక్కను ఈ మనుషులు యాదికుంచుకున్నరు. సైదమ్మ ఆ విస్తరిని చూసి గుటక మింగింది. "పోయినామె ఎవలో గాని తినుడు తెలిసిన మనిషిరా," అన్నది.

కాకి ముట్టలే. వచ్చింది, చూసింది, పోయింది. ఇంకోటి వచ్చి శాలువా మీద నిలబడి రెట్ట వేసి పోయింది. వాడపల్లి కాకులు రోజూ అందరి విస్తర్లు తిని తిని కోళ్లంత అయినయి, వాటికి ఇది లెక్కనా అని నేను లోపల సమాధానం చెప్పుకున్న. మిగిలినవాళ్లకు ఆ సమాధానం లేదు.

"ఏదో కోరిక ఉన్నది," అన్నడు బుచ్చిరెడ్డి. ముందుకొచ్చి రుమాలు తీసి, "నర్సవ్వా, మల్లేశంతోని ఇగ మాట్లాడుత. ముట్టు," అన్నడు. కాకి ముట్టలే. మల్లేశం గొంతు సరిజేసుకొని, "నేను మళ్ల గ్రూపుల రాస్త అవ్వా. కాలువోళ్లను తిట్ట," అన్నడు. ఒక క్షణం ఆగి, "ఎక్కువ తిట్ట," అన్నడు. ముట్టలే. మాస్టారు చేతులు జోడించి, "అమ్మా, అందరి మెసేజీల్లో తప్పులు దిద్దడం మానేస్తాను," అన్నడు. ఆయనకు అది ప్రాణం ఇచ్చినంత పని. అయినా ముట్టలే. నలభై ఒక్క మంది ఎండలో నిలబడి, లేని మనిషికి మాటల మీద మాటలు ఇస్తున్నరు.  నిజం చెప్తే మూడూళ్ల ముచ్చట ఇక్కడనే ఖతం. చెప్పకుంటే పొద్దుగూకే దాకా ఈ ఎండలో వీళ్లు మాటలిస్తనే ఉంటరు.

అప్పుడు సుజాత ముందుకొచ్చింది. సన్నగా, తల దించుకొని, గొంతు మాత్రం గట్టిగా. "నర్సవ్వా, ఎదురుంగ వచ్చి చెప్పాలనుకున్న. వాళ్లు అలుగుతరు, అలిగినోళ్లకు ఆకలైతది, నువ్వు బడికి పో అన్నవ్. పోతున్న అవ్వా. నువ్వు చెప్పకపోతే నేను ఆ ఇంట్ల గోడనైపోదును."

నా వెనక వక్క నమిలే చప్పుడు ఆగిపోయింది.

"అల్లుడా," అన్నది సైదమ్మ, నలభై మంది వినేటట్టు. "గీ మాట నేనన్నది గాదురా?"

అందరూ మా దిక్కు తిరిగిన్రు. ఆమె శాలువా కప్పిన రాయిని చూసింది, విస్తరిని చూసింది, నన్ను చూసింది. చదువు రాని మనిషి, నా మొఖం మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది.  కుచ్చిళ్లు పైకి దోపుకొని నడుచుకుంటూ పోయి, విస్తరి ముందర మఠం వేసుకొని కూర్చొని, బోటి ముక్క తీసి నోట్లో పెట్టుకున్నది. నమిలింది. మింగింది.

"సచ్చినోళ్లు ముట్టాలె గద. ముట్టిన. ఉప్పు జర తక్కువైంది. ఇగ మీరు గూడ తినుండ్రి, ఎండకు పడిపోతరు."

అప్పుడు చెప్పిన. అంతా చెప్పిన, ఎంకన్నను, శీనును, నర్సును, టైలర్ను, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి నా ఒంట్లోంచి దింపిన.  ముందు మాస్టారు పేలిండు. "పదకొండు రోజులు గడ్డం తీయలేదండీ నేను! మా ఆవిడ చేత మైల స్నానం చేయించాను!" తరువాత బుచ్చిరెడ్డి అయోమయంగా, "మరి మల్లేశంతోని మాట్లాడుతనని ఇచ్చిన మాటో?" అని అడిగిండు.

"ఎవలకిచ్చినవ్? నాకిచ్చినవ్. నేను బతికే ఉన్న. మాట ఇంక గట్టిది," అన్నది సైదమ్మ, సర్వపిండి విరుస్తూ.

సుజాత నా దగ్గరికి వచ్చింది. "మాటలు ఈమెవి. మరి నా ఉత్తరాలు చదివింది ఎవరు?"

"నేను."

"అన్నీ?"

"అన్నీ."

 మొదట్లో ఒక్క దగ్గర తల దించిన అన్న గదా, అది ఇక్కడ. పదకొండు మందిని పుట్టించినందుకు నాకు సిగ్గు లేదు. చంపినందుకు గూడ లేదు. ఒక ఆడపిల్ల తన ఇంటి లోపలి మాట ఒక ముసలామెకు చెప్పుకుంటున్న అనుకొని రాస్తే, దాన్ని మీసాలున్న నేను అన్నం తింటూ చదివిన. దానికి ఎంత నోరున్నా జవాబు లేదు. వారం తిరిగేలోపల ఆ ముక్క చేతితోని కాయితం మీద రాసి, బడికి పోయి ఆమెకిచ్చిన. ఆమె చదివి, మడిచి, సంచిలో పెట్టుకున్నది. సరే అనలే, పో అనలే.

కానీ అది తరువాతి మాట. మరునాడు సోమవారం షాపు తెరిచి, ఆ గ్రూపును తెరవడానికి పన్నెండు దాకా నాకు చేతులు రాలే. పందిరి గుంజ నేనే పీకి బయట పడేసిన. ఉంటే గింటే మాస్టారి వీడ్కోలు లేఖ ఒక్కటి ఉంటదనుకున్న. తెరిచిన. తొంభై ఆరు మెసేజీలు! అన్ని నన్ను తిట్టేవే. బుచ్చిరెడ్డి మూడు తీర్ల తిట్టిండు. మల్లేశం బుచ్చిరెడ్డి తిట్టు చాలదని ఇంకోటి కలిపిండు, దానికి బుచ్చిరెడ్డి "మంచిగన్నవ్ తమ్మీ" అన్నడు. మాస్టారు నన్ను తిడుతూనే, మల్లేశం రాతలో తప్పులు కనబడ్డా మాట ఇచ్చినందుకు దిద్దుతలేనని బాధపడ్డడు. కోదాడవాళ్లు తిట్టిన్రు, మిర్యాలగూడవాళ్లు తిట్టిన్రు, అంతకుముందు ఒక్క ముక్క రాయని మూగ సభ్యులు తిట్టడానికి నోళ్లు తెరిచిన్రు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డ. తొంభై ఆరింటిలో నేను రాసింది ఒక్కటి లేదు. సైదమ్మ సద్ది డబ్బా తెచ్చి, "ఏమంటున్నరురా?" అన్నది. "తిడుతున్నరత్తా," అన్న. నా కండ్లలో నీళ్లు చూసి పచ్చిపులుసు ఘాటేమో అనుకున్నది.

ఇప్పుడు నా ఫోన్లో ముప్పై ఏడు గ్రూపులు ఉన్నయి. ఒక్కొక్క దాంట్లో వందల మంది. తెల్లారంగ పూలు వస్తయి, పండుగకు దీపాలు వస్తయి. ఎవరన్న పోయిన్రంటే చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడతయి, వేలు నొప్పి పుట్టకుండా ఒక్క నొక్కుతోని. ఆ చేతుల్లో ఒక్కటి గూడ బోటి కూర గిన్నె పట్టుకొని బస్సెక్కదు. కొట్లాటలు ఉన్నయి, కానీ కాకి ముందర నిలబడి ఇగ మాట్లాడుత అనేవాళ్లు లేరు. అన్నీ నిజమైన పేర్లేనట, ఫోన్ నంబరుతోని సహా. నా పదకొండు మంది దొంగ సభ్యులను తక్కెడలో ఒకదిక్కు పెట్టి, ఈ వేల మంది నిజమైనవాళ్లను ఇంకోదిక్కు పెట్టండి. ఏ దిక్కు ఒరుగుతదో నేను చెప్పను. మీ చేతిలోనే ఉన్నది గదా ఫోను, తెరిచి చూసుకోండి.

అప్పటి ముచ్చటకే వస్తే, ఆ వారం శనివారం మధ్యాహ్నం సుజాత మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వచ్చింది. అత్త స్టూలు జరిపి ఆమెకిచ్చింది. సుజాత నన్ను చూడకుండా తెరను చూసి, "పాస్‌వర్డు చెప్పు. ఈ రోజు నుంచి ఇది నేను నడుపుత," అన్నది. నేను కట్టిన ఇంటి తాళం చెవి నన్నే అడుగుతున్నది. చెప్పిన. ఆమె అక్కడనే కూర్చొని ఒక నియమం రాసింది: పాత సభ్యుల్లో ఇద్దరు కండ్లారా చూసి, కలిసి కూర్చొని తిన్నంకనే కొత్తవాళ్లను చేర్చుకోవాలె. ఆ నియమంతోని కోదాడవాళ్లు త్రిపురారం పోయిన్రు, త్రిపురారంవాళ్లు తిరుమలగిరి ఎక్కిన్రు, మల్లేశం ఎండిన బోరు పక్కన బుచ్చిరెడ్డి నిలబడి చూసిండు. సైదమ్మను సభ్యురాలిని చేసిన్రు, సొంత పేరుతోని, సుజాత టైపు చేసి పెట్టింది. నాకు మాత్రం ఇంకో నియమం: నేనేది రాసినా ముందు సుజాత చదివి ఒప్పుకుంటేనే కనబడాలె.

అందరూ నన్ను క్షమాపణ రాయమన్నరు. నేను రాసిన, మూడు దినాలు కూర్చొని. అందులో క్షమాపణ తప్ప అన్ని ఉన్నయి. సుజాత చదివి వెనక్కి పంపింది: "సగం తగ్గించి, నిజమున్నది మాత్రమే ఉంచి పంపండి." మరునాడు అత్త సద్ది విప్పుతూ అడిగింది.

"ఒప్పుకున్నదా?"

"లేదత్తా. సగం తగ్గించమంటున్నది."

"తగ్గించు మరి. సగం అబద్ధమే గద."

"ఏ సగం?"

అత్త ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి మడిచింది. "గదే తెలుస్తలేదు," అన్నది. నేను ఒక్క అక్షరం తీయకుండా మళ్లీ అదే పంపిన. నేను పుట్టించిన గ్రూపులో ఆ ముచ్చట ఇప్పటికీ పెండింగులోనే ఉన్నది.